ఇద్దరి మీదా కురిసే వాన

పోకెమాన్ పోటీల్లో ఆకాశం ఎవరి పక్షమూ వహించదు. ఒకరు వాన తెప్పిస్తే అది మైదానమంతా పడుతుంది. తెప్పించినవాళ్ల నీటి ప్రాణికి బలం ఎంత పెరుగుతుందో, ఎదురుగా నిలబడ్డ నీటి ప్రాణికీ అంతే పెరుగుతుంది. నిప్పు ప్రాణులు ఇటువైపున్నా అటువైపున్నా ఒకేలా నీరసిస్తాయి. అయినా ఇరవై ఏళ్లకు పైగా గట్టి ఆటగాళ్లు వాన చుట్టూ, ఎండ చుట్టూ, ఇసుక తుఫాను చుట్టూ జట్లు కడుతూనే ఉన్నారు, వాటితో గెలుస్తూనే ఉన్నారు. ఇద్దరికీ సమానంగా అందే దానిలోంచి ఒకరికే లాభం ఎలా మిగులుతుంది?

ఈ అధ్యాయంలో మనం వెతికేది ఆ ప్రశ్నకు జవాబే. సారాంశం ముందే చెప్పుకుందాం: వాతావరణం ఎవరికీ ఊరికే బలం పంచదు. దానికి సిద్ధపడి వచ్చినవాళ్లకూ, సిద్ధపడనివాళ్లకూ మధ్య ఉన్న తేడాను కొద్ది సేపు పెద్దది చేస్తుంది. ఎంత పెద్దది చేస్తుంది, ఎంత సేపు చేస్తుంది, అది ఆగిపోయాక మన చేతిలో ఏం మిగులుతుంది అన్న మూడు లెక్కలూ సరిపోతేనే జట్టు నిలుస్తుంది.

వాన ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది

1996లో జపాన్‌లో వచ్చిన తొలి పోకెమాన్ ఆటల్లో వాతావరణం లేదు. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటల్లో వాన, ఎండ, ఇసుక తుఫాను మొదటిసారి కనిపించాయి. వాన కావాలంటే ఒక పోకెమాన్ తన వంతు మొత్తాన్ని 'రెయిన్ డ్యాన్స్' అనే మూవ్‌కు ఖర్చుపెట్టాలి. వాన ఐదు టర్నులు ఉంటుంది. తెప్పించిన టర్ను కూడా ఆ ఐదులోదే కనుక, నిజంగా వాడుకోవడానికి మిగిలేవి నాలుగే.

2002 నాటి రూబీ, సఫైర్ ఆటలు ఈ ఖరీదును ఎత్తేశాయి. ఆ ఆటలు జరిగే హోయెన్ ప్రాంతానికి నమూనా జపాన్ నైరుతి కొసన ఉన్న క్యూషూ ద్వీపం. కథంతా సముద్రాన్ని పెంచే కయోగర్‌కూ, నేలను పెంచే గ్రౌడాన్‌కూ మధ్య తగవు. కయోగర్ మైదానంలో అడుగుపెట్టగానే 'డ్రిజిల్' అనే సహజ గుణం వల్ల వాన మొదలవుతుంది. గ్రౌడాన్ వస్తే 'డ్రౌట్' వల్ల ఎండ కాస్తుంది. ఏ వంతూ ఖర్చు కాదు. పైగా అలా వచ్చిన వానకు గడువు లేదు. మరో వాతావరణం వచ్చి తరిమేదాకా పడుతూనే ఉంటుంది.

కయోగర్ లాంటి మహాబలులను చాలా పోటీల్లో రానివ్వరు కాబట్టి కొన్నేళ్లు ఇబ్బంది కనబడలేదు. 2010లో బ్లాక్, వైట్ ఆటల కాలంలో అదే డ్రిజిల్ గుణం పోలిటోడ్ అనే మామూలు కప్పకు దక్కింది. దానితో గడువు లేని వాన అందరికీ అందుబాటులోకి వచ్చింది. కింగ్‌డ్రా, లుడికోలో లాంటి కొన్ని నీటి ప్రాణులకు 'స్విఫ్ట్ స్విమ్' అనే గుణం ఉంది, వానలో వాటి వేగం రెట్టింపవుతుంది. ఆగని వాన, రెట్టింపు వేగం, ఒకటిన్నర రెట్ల దెబ్బ ఒక్కచోట చేరేసరికి మిగిలిన జట్లు నిలబడలేకపోయాయి. పోటీ ఆటకు నియమాలు రాసుకునే స్మోగన్ అనే ఆటగాళ్ల సంఘం 2011లో ఒక ప్రత్యేక నిషేధం పెట్టింది: ఒకే జట్టులో డ్రిజిల్, స్విఫ్ట్ స్విమ్ రెండూ ఉండకూడదు. విడివిడిగా ఏదైనా వాడుకోవచ్చు, జంటగా కూడదు.

2013లో వచ్చిన ఎక్స్, వై ఆటల్లో తయారీదారులే నియమం మార్చారు. సహజ గుణంతో వచ్చే వానకూ ఐదు టర్నుల గడువు పెట్టారు. వాన తెచ్చే పోకెమాన్ చేత 'డ్యాంప్ రాక్' అనే రాయి పట్టిస్తే ఎనిమిది టర్నులు. ఈ చరిత్రలో ఒక పాఠం ఉంది. వాన ఇచ్చే బలాన్ని ఎవరూ తగ్గించలేదు. దానికొక గడియారం తగిలించారు, అంతే. అసాధ్యంగా కనిపించిన జట్టు మామూలు జట్టయింది.

గుణకారానికి విలువ గడప దగ్గరే

ఇక అంకెల్లోకి వెళదాం. వానలో నీటి దాడుల దెబ్బ 1.5 రెట్లవుతుంది, నిప్పు దాడుల దెబ్బ సగమవుతుంది. ఏ పోకెమాన్ అయినా తన సొంత టైపు దాడి వాడితే ఎప్పుడూ ఉండే 1.5 రెట్ల పెంపు దీనికి తోడవుతుంది. అంటే నీటి ప్రాణి నీటి దాడికి 1.5 × 1.5 = 2.25. అదే వానలో నిప్పు ప్రాణి నిప్పు దాడికి 1.5 × 0.5 = 0.75. పొడి నేల మీద సమానంగా ఉన్న రెండు దాడుల మధ్య వానలో మూడు రెట్ల తేడా వచ్చింది.

కానీ 1.5 రెట్లు అనే అంకె ఎప్పుడూ ఒకే విలువ చేయదు. ఆటలో ప్రతి దెబ్బనూ 85 నుంచి 100 శాతం మధ్య, సమాన అవకాశాలున్న 16 అంకెల్లో ఏదో ఒకదానితో గుణిస్తారు. ఇప్పుడు రెండు ఉదాహరణలు చూడండి.

మొదటిది: ఒక దాడి ఎదుటి పోకెమాన్ ప్రాణశక్తిలో అత్యధికంగా 60 శాతం తీస్తుంది, అత్యల్పంగా 51 శాతం. రెండు దెబ్బల్లో అది పడిపోవడం ఖాయం. వానలో ఇదే దాడి 90 శాతం దాకా తీస్తుంది. అయినా కావలసినవి రెండు దెబ్బలే. వాన వల్ల ఇక్కడ కలిసొచ్చింది సున్నా.

రెండోది: దాడి అత్యధికంగా 76 శాతం తీస్తుంది. పొడి నేల మీద దీనికీ రెండు దెబ్బలే కావాలి. వానలో అత్యధిక దెబ్బ 114 శాతం. పదహారు అంకెల్లో 88 శాతం నుంచి 100 శాతం దాకా ఉన్న పదమూడు అంకెల్లో ఏది పడినా ఎదుటి ప్రాణి ఒక్క దెబ్బకే కూలుతుంది. అంటే 16లో 13 సార్లు, సుమారు 81 శాతం.

గుణకం ఒకటే, ఫలితాలు మాత్రం భూమ్యాకాశాల తేడా. దెబ్బ ఎంత పెరిగిందన్నది అసలు ప్రశ్న కాదు, ఆ పెరుగుదల ఒక గడప దాటించిందా లేదా అన్నదే ప్రశ్న. అందుకే అనుభవం ఉన్నవాళ్లు జట్టులోకి పోకెమాన్‌ను తీసుకునే ముందు, పోటీల్లో తరచూ ఎదురయ్యే ప్రత్యర్థుల జాబితా ముందు పెట్టుకుని, వానలో ఎవరెవరు రెండు దెబ్బల నుంచి ఒక్క దెబ్బకు దిగుతారో లెక్కగడతారు. ఆ జాబితా పొడవే వాన విలువ.

గురి విషయంలోనూ ఇదే తర్కం. 'థండర్' దాడి బలం 110, గురి 70 శాతం. 'థండర్‌బోల్ట్' బలం 90, గురి 100 శాతం. మామూలు వాతావరణంలో థండర్ సగటు విలువ 110 × 0.7 = 77 మాత్రమే, కాబట్టి థండర్‌బోల్టే మేలు. వానలో థండర్ తప్పదు, దాని విలువ పూర్తిగా 110. ఎండలో దాని గురి 50 శాతానికి పడిపోతుంది, అప్పుడు సగటు 55. ఒకే దాడి ఆకాశాన్ని బట్టి 55, 77, 110 అవుతోంది. వరుసగా మూడుసార్లు తగలాల్సి వస్తే పొడి నేల మీద ఆ అవకాశం 34.3 శాతం, వానలో నూటికి నూరు. మెరుపు నమ్మదగిన ఆయుధం కావడానికి మబ్బు కావాలి.

ముందు కొట్టేదెవరు, చివర నిలిచేదెవరు

చెరో వైపు ఒకేసారి రెండేసి పోకెమాన్లు దిగే డబుల్స్ పోటీల్లో పోకెమాన్లన్నీ 50వ లెవెల్‌కు సర్దుకుంటాయి. ఆ లెవెల్‌లో కింగ్‌డ్రాకు వేగం శిక్షణ పూర్తిగా ఇస్తే 137 వస్తుంది, వేగాన్ని పెంచే స్వభావం కూడా ఉంటే 150. వానలో ఇవి 274, 300 అవుతాయి. ఆట మొత్తంలో పుట్టుకతో అత్యంత వేగమైన రెజియెలెకి ఎంత సాధన చేసినా 277 దగ్గర ఆగుతుంది. మామూలు స్వభావం ఉన్న కింగ్‌డ్రా మూడు పాయింట్ల తేడాతో దాని వెనకబడుతుంది, వేగ స్వభావం ఉన్నది దాటిపోతుంది. ఆ మూడు పాయింట్ల కోసం దాడి బలంలో కొంత వదులుకోవాలా అన్నది శిక్షణ దశలోనే తేల్చుకోవలసిన సంగతి. రెజియెలెకిని పోటీలో అరుదుగా ఎదుర్కొంటామని తెలిస్తే 274 చాలు, మిగిలినది బలానికి పెట్టడం తెలివి.

వేగం ఇంత విలువైనదైతే, వాన తెచ్చే పోకెమాన్ మాత్రం నెమ్మదిగా ఉండటమే మంచిదన్నది ఈ ఆటలోని అందమైన చిక్కు. మైదానంలో ఒకసారికి ఒకే వాతావరణం ఉంటుంది, కొత్తది పాతదాన్ని తుడిచేస్తుంది. ఆట మొదట్లో ఒక వైపు పెలిప్పర్ అనే పక్షి వానతో, మరో వైపు టోర్కోల్ అనే తాబేలు ఎండతో ఒకేసారి దిగాయనుకోండి. వేగమైనదాని గుణం ముందు పనిచేస్తుంది, నెమ్మదైనదాని గుణం తర్వాత పనిచేస్తుంది. కాబట్టి చివరికి నిలిచేది ఎండ. టోర్కోల్ వేగాన్ని కావాలని తగ్గించుకుంటే 22 దాకా దిగుతుంది, పెలిప్పర్ ఎంత తగ్గించుకున్నా 63. ఆ పోటీలో పెలిప్పర్ ఎప్పటికీ గెలవదు.

2016లో ఈ చిక్కు ప్రపంచ పోటీల స్థాయిలో కనిపించింది. ఆ ఏడాది నిబంధనలు కయోగర్, గ్రౌడాన్‌ల ఆదిమ రూపాలను అనుమతించాయి. ఆదిమ కయోగర్ తెచ్చే కుండపోతలో నిప్పు దాడులు పనిచేయనే చేయవు. ఆదిమ గ్రౌడాన్ తెచ్చే మండుటెండలో నీటి దాడులు ఆవిరైపోతాయి. ఆదిమ గ్రౌడాన్ నేల, నిప్పు టైపుల ప్రాణి, మామూలుగా నీటి దెబ్బ దానికి నాలుగింతలు తగలాలి. తన ఎండ ఉన్నంతసేపూ మాత్రం దానికి నీటి భయమే లేదు. రెండింటి మూల వేగమూ 90. శిక్షణను బట్టి ఆ వేగాన్ని 85 నుంచి 156 దాకా ఎక్కడైనా ఉంచుకోవచ్చు. ఎక్కువ ఉంచుకుంటే ముందుగా కొడతారు, తక్కువ ఉంచుకుంటే ఆకాశం మీది అవుతుంది. రెండూ ఒకేసారి దక్కవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆ ప్రపంచ పోటీలో అమెరికాకు చెందిన వోల్ఫ్ గ్లిక్ కయోగర్‌కు రేక్వాజాను జతచేసిన జట్టుతో విజేత అయ్యాడు. రేక్వాజాకు వాతావరణ ప్రభావాన్నే అణచివేసే గుణం ఉంది. ఆకాశాన్ని తెచ్చేవాడితో పాటు, ఎదుటివారి ఆకాశాన్ని చెరిపేసేవాడినీ వెంట తీసుకెళ్లడం ఆ కూర్పు వెనకున్న ఆలోచన.

ఐదు టర్నుల గడియారం

వాన పడటం మొదలైన క్షణం నుంచి ఎదుటి ఆటగాడి పని తేలిక: కాలం గడిపేయాలి. 'ప్రొటెక్ట్' అనే మూవ్ ఆ టర్నులో వచ్చే దాదాపు ప్రతి దాడినీ ఆపుతుంది. ఇద్దరు పోకెమాన్లూ ఒకేసారి ప్రొటెక్ట్ వాడితే ఒక టర్ను వాన వృథా. వెంటనే మళ్లీ వాడితే ఫలించే అవకాశం మూడింట ఒక వంతే కనుక ఇది నిరంతరం సాగదు. కానీ ఐదింటిలో ఒకటి పోవడమంటే ఐదో వంతు పెట్టుబడి పోవడం. 'ట్రిక్ రూమ్' ఇంకా కఠినం. అది ఐదు టర్నుల పాటు వేగాన్ని తలకిందులు చేస్తుంది, నెమ్మదైనవే ముందు కదులుతాయి. వేగం 300కు చేరిన కింగ్‌డ్రా అప్పుడు అందరికంటే వెనక కదలాలి.

గడియారానికి సంబంధించిన ఇంకో నియమం కొత్తవాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది. వాన పడుతుండగా పెలిప్పర్‌ను బయటికి తీసి మళ్లీ దింపినా గడువు పెరగదు, ఉన్న వాన ఉన్నట్టే సాగి ఆగిపోతుంది. కాబట్టి పెలిప్పర్ రెండో రాక, మొదటి వాన ఆగిన తర్వాతే జరగాలి. ఆట మొదట్లో దిగితే ఐదు టర్నులూ పూర్తిగా చేతిలో ఉంటాయి. మధ్యలో ఎవరికైనా బదులుగా వస్తే ఆ టర్ను మార్పిడికే పోతుంది. తోటి పోకెమాన్ పడిపోయాక ఖాళీ చోటులోకి వస్తే మళ్లీ ఐదూ దక్కుతాయి. వాన జట్టు ఆడటమంటే సగం పని ఈ ప్రవేశాల వరుసను ముందే మనసులో రాసుకోవడం.

ఆరుగురిని ఎంచుకోవడం

డబుల్స్ నియమం ప్రకారం ఆరు పోకెమాన్లతో వస్తారు, ఇద్దరూ ఒకరి జట్టు ఒకరు చూస్తారు, ఆ తర్వాత చెరో నాలుగింటిని ఎంచుకుని ఆడతారు. ఆరింటిలో నాలుగు ఎంచుకునే మార్గాలు 15. వాటిలో పెలిప్పర్ ఉండేవి 10, లేనివి 5. మిగతా ఐదుగురూ వాన లేకపోతే పనికిరానివాళ్లయితే ఆ 5 మార్గాలూ పేరుకే ఉన్నట్టు. మూడింట ఒక వంతు స్వేచ్ఛ ఆట మొదలవకముందే పోయింది, ఆ సంగతి ఎదుటి ఆటగాడికి మన జట్టు చూడగానే అర్థమైపోయింది. మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడమంటే ఇదే.

స్కార్లెట్, వయొలెట్ ఆటలకు సరిపోయే ఒక కూర్పు చూద్దాం. వాన తేవడానికి పెలిప్పర్. వానలో పరుగెత్తి కొట్టడానికి కింగ్‌డ్రా. మూడోది ఆర్చలుడాన్. ఉక్కు, డ్రాగన్ టైపుల ఈ ప్రాణి వాడే 'ఎలక్ట్రో షాట్' బలం 130. మామూలుగా ఒక టర్ను శక్తి కూడగట్టుకుని తర్వాతి టర్నులో కొట్టాలి, వానలో వెంటనే కొడుతుంది. కొడుతూనే తన ప్రత్యేక దాడి శక్తిని ఒక మెట్టు, అంటే ఒకటిన్నర రెట్లు పెంచుకుంటుంది. పెలిప్పర్, ఆర్చలుడాన్‌ల జంట 2024 పోటీల్లో విరివిగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెలిప్పర్‌కు విద్యుత్ దెబ్బ నాలుగింతలు తగులుతుంది, ఆర్చలుడాన్‌కు సగమే తగులుతుంది. ఆర్చలుడాన్ నేల దాడులకు భయపడుతుంది, గాలిలో ఎగిరే పెలిప్పర్‌కు అవి తగలనే తగలవు. ఒకరి లోటు దగ్గర మరొకరు నిలబడుతున్నారు.

వాన జట్లకు పాత శత్రువు గాస్ట్రోడాన్. 'స్టార్మ్ డ్రెయిన్' గుణమున్నది ఒక్కరిని గురిపెట్టిన నీటి దాడులన్నింటినీ తన వైపు లాక్కుని, నొప్పి లేకుండా పైపెచ్చు బలం పెంచుకుంటుంది. దానికి ఎలక్ట్రో షాట్ కూడా తగలదు, ఎందుకంటే అది నేల టైపు కూడా. గడ్డి దాడి మాత్రం నాలుగింతలు తగులుతుంది. అందుకే నాలుగో చోటు రిల్లాబూమ్‌ది. దాని గడ్డి దాడికి వానతో పనిలేదు. ఐదోది టోర్నడస్. 'ప్రాంక్‌స్టర్' గుణం వల్ల ఇది రెయిన్ డ్యాన్స్‌ను మామూలు దాడులకంటే ముందే వాడగలదు, పెలిప్పర్ పడిపోయినా వాన ఆగిపోకుండా చూసుకుంటుంది. వాన వద్దనుకున్న ఆటలో 'టెయిల్‌విండ్' వేసి నాలుగు టర్నులు జట్టు మొత్తానికి వేగం రెట్టింపు చేస్తుంది. ఆరోది ఇన్సినరోర్. నిప్పు ప్రాణిని వాన జట్టులో పెట్టడం వింతగా కనిపించవచ్చు. దీన్ని తీసుకునేది నిప్పు కోసం కాదు. దిగగానే ఎదుటి ఇద్దరి శారీరక దాడి బలాన్ని ఒక మెట్టు దించుతుంది, మొదటి టర్నులో 'ఫేక్ అవుట్'తో ఒకరిని కదలనివ్వదు. ఈ రెండు పనులకూ ఆకాశం ఎలా ఉన్నా ఒకటే.

ఇప్పుడు లెక్క మళ్లీ చూడండి. పెలిప్పర్ లేని 5 మార్గాల్లో నాలుగింట టోర్నడస్ ఉంది. అంటే 15లో 14 మార్గాల్లో వాన తెప్పించే వీలుంది, అదే సమయంలో వాన లేకుండా ఆడగల ముగ్గురు ఎప్పుడూ సిద్ధంగా ఉన్నారు. మనం వానతో వస్తామా, పొడి నేల మీద ఆడతామా అన్నది ఎదుటి ఆటగాడు ఊహించాల్సి వస్తుంది. అతను టోర్కోల్‌ను తెచ్చి వాన రాని ఆటలో చోటు వృథా చేసుకోవచ్చు, తేకుండా వానకు దొరికిపోనూవచ్చు. జట్టుకు వాన ఇచ్చే లాభంలో కొంత భాగం వాన పడకముందే, ఈ సందేహం రూపంలో చేతికందుతుంది.

ఎదుటివారికి మనమే ఇచ్చే కానుక గురించి కూడా ఆలోచించాలి. నీటి, పోరు టైపుల ఉర్షిఫు పోటీల్లో తరచూ కనిపించే ప్రాణి. మన వానలో దాని నీటి దెబ్బలు కూడా ఒకటిన్నర రెట్లవుతాయి. అటువైపు ఉర్షిఫు ఉంటే రిల్లాబూమ్, టోర్నడస్‌లతో పొడి నేల మీద ఆడటమా, వాన తెచ్చి ముందుగా దాన్ని పడగొట్టడమా అన్నది ముందే తేల్చుకోవాలి.

పరిసరాలను మార్చే జీవులు

జీవశాస్త్రంలో ఇలాంటి ఆలోచన ఒకటి ఉంది. జీవులు తాము పుట్టిన పరిసరాలకు తగ్గట్టు మారుతాయని మనం బడిలో చదువుకున్నాం. కొన్ని జీవులు పరిసరాలనే తమకు తగ్గట్టు మార్చుకుంటాయని, ఆ మార్పు వాటి పరిణామాన్ని తిరిగి ప్రభావితం చేస్తుందని జాన్ ఓడ్లింగ్-స్మీ 1988లో ప్రతిపాదించాడు. బీవర్ ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. ఉత్తర అమెరికా, ఐరోపా ఏరులకు అడ్డంగా కొమ్మలతో, మట్టితో కట్ట కట్టి చెరువు చేసుకుంటుంది. ఆ చెరువు బీవర్‌ది మాత్రమే కాదు. కప్పలూ, చేపలూ, బాతులూ అక్కడికి చేరతాయి. అయినా నీటి అడుగున ద్వారం పెట్టుకుని ఇల్లు కట్టగల శరీరం, అలవాట్లు బీవర్‌కు ఉన్నాయి కాబట్టి తోడేళ్ల నుంచి రక్షణ దానికి దక్కుతుంది. కట్టను నిత్యం మరమ్మతు చేయకపోతే చెరువు నిలవదు.

పరిసరం ఉమ్మడిది, లాభం సిద్ధపడినవారిది, నిలబెట్టే ఖర్చు కట్టినవారిది. ఆటలోని వానకూ ఈ మూడు మాటలూ అక్షరాలా వర్తిస్తాయి. పిల్లలు ఆడుకునే ఆటలో ఇంత లోతైన తర్కం ఇమిడి ఉండటం నాకు నిజంగా సంతోషం కలిగించే విషయం. సంభావ్యతనూ, గుణకారాలనూ, ఎంపికల లెక్కనూ తరగతి గదిలో భారంగా మోసే పదమూడేళ్ల పిల్లలు, వాన జట్టు కట్టేటప్పుడు వాటినే ఇష్టంగా, తప్పు లేకుండా చేస్తారు. వాళ్లు చేస్తున్నది లెక్కలేనని వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి.

మీరే పరీక్షించి చూడండి

మీ జట్టులోని ఆరుగురి పేర్లు ఒక కాగితం మీద రాయండి. నలుగురేసి చొప్పున వచ్చే 15 గుంపులూ కింద వరుసగా రాయండి. ఒక్కో గుంపు పక్కన రెండు గడులు పెట్టండి: వాన ఉంటే ఈ నలుగురూ ఏం చేస్తారు, లేకపోతే ఏం చేస్తారు. రెండో గడిలో రాయడానికి ఏమీ తోచని గుంపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పదికి పైగా ఉంటే వానకు పనికొచ్చే ఇంకో పోకెమాన్ కోసం వెతకడం మానండి, పొడి నేల మీద ఆడగలదాన్ని ఒకదాన్ని తెచ్చి పెట్టండి. రెండోసారి లెక్కపెట్టినప్పుడు ఆ అంకె తగ్గితే మీ వాన విలువ పెరిగినట్టే, ఎందుకంటే ఇప్పుడు అది మీకు దిక్కు కాదు, మీరు ఎంచుకునే దారుల్లో ఒకటి.